బావ వేసుకున్న రైలు లైను

మొన్న ఆమదాలవలసలో నా కంప్యూటర్ల కొట్టు ఖాళీ చేస్తుంటే అటక మీద పాత సీపీయూ డబ్బా ఒకటి దొరికింది. పక్కరేకు మీద పసుపూ, మధ్యలో కుంకుమ బొట్టూ ఇంకా అంటుకునే ఉన్నాయి. చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. దసరాకి కంప్యూటర్‌కి బొట్టు పెట్టేవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు గాని, నిమ్మకాయ తెచ్చి దానికి చక్రాలెక్కడున్నాయా అని వెతికిన మనిషి మా బావ ఒక్కడే.

బావ అంటే మా అక్క మొగుడు. బొబ్బిలిలో ఉంటాడు. గూడ్సు రైళ్ళు నడిపేవాడు. కళ్ళ పరీక్షలో తప్పాడని ఇంజిను మీంచి దింపేసి ఆఫీసులో కూర్చోబెట్టారు. చూపు నెమ్మదిగా తగ్గుతూనే ఉంటుందని, దాన్ని ఆపే మందు లేదని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆ బెంగలో ఉన్న మనిషికి రైలు నడిపే గేము ఒకటుందని చూపించింది నేనే. 2011లో మంచి గ్రాఫిక్స్ కార్డు వేసి, ముందువైపు ఎర్ర లైటు ఫ్యాను పెట్టి, గేముల కోసమే ఆ కంప్యూటర్‌ని నా చేతులతో బిగించి ఇచ్చాను. గేములోని విదేశీ రైళ్ళంటే నెల తిరక్కుండానే ఆయనకి మొహం మొత్తింది. దారులు మనమే వేసుకోవచ్చని తెలిశాక, విజయనగరం నుంచి పార్వతీపురం దాకా తను ఏళ్ళ తరబడి తిరిగిన లైను వేయడం మొదలుపెట్టాడు. ఆరేళ్ళు వేశాడు. సిగ్నలు స్తంభాలు, గేట్లు, సీతానగరం వంతెన, ఒక గేటు దగ్గర రోజూ చెయ్యూపే ముసలాయన తాటాకు పాకతో సహా. "ఇక్కడ హారను కొట్టాల. లేపోతే ముసలోడు అలుగుతాడు" అనేవాడు. మా అక్క వంటింట్లోంచి, "బియ్యం అయిపోనాయంటే ఇనపడదు గాని, లేని రైలు కూత మాత్రం ఇనపడతాది" అని దెప్పేది.

ఆరో ఏట కంప్యూటర్ మొరాయించింది. పార్వతీపురం దగ్గరపడేసరికి తెర మీద రైలు ఆగి ఆగి నడిచేది. దానికే కొత్త భాగాలు వేయడమా, మొత్తంగా కొత్తది కొనడమా? ఈ ఒక్క ప్రశ్న తేల్చడానికి మూడు నెలలపాటు ప్రతి ఆదివారం రాజాం మీదుగా బస్సులో బొబ్బిలి వెళ్ళాను. కార్డు మారుద్దామంటే దానికి కరెంటిచ్చే పెట్టె చాలదు. పెట్టె మారిస్తే మదర్‌బోర్డు పాతది. బోర్డు మారిస్తే ప్రాసెసర్ అందులో కూర్చోదు. అన్నీ మారిస్తే ఇక మిగిలేది డబ్బా, దాని మీది బొట్టు. ఇదంతా విని బావ, "ఒరే, ఇంజిను మొరాయిస్తే సెడ్డుకి తోల్తాం గాని పారేత్తామేటి? ఏటో ఒకటి అతికించరా. నాకు కళ్ళున్నన్నాళ్ళూ నడిస్తే సాలు" అన్నాడు.

నాకు విసుగొచ్చింది. అది నిజం. ఒక ఆదివారం కొత్త కంప్యూటర్ తీసుకెళ్ళి పెట్టేశాను. "నా లైనో?" అన్నాడు. "అన్నీ ఎక్కించేసేను బావా" అన్నాను. కనబడిన ఫోల్డర్లన్నీ ఎక్కించాను గాని, లైను వాటిలో ఉందో లేదో తెరిచి చూడలేదు. పాతది కొట్టుకి తెచ్చి, ఆ వారమే దాని డిస్కు చెరిపేసి ఎవరి కంప్యూటర్‌లోనో బిగించేశాను.

తర్వాత బావ ఫోను చేశాడు. "ఒరే, గేమున్నాది గాని నా లైను కనపడదేటి?" నావల్లే పోయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. దాని బదులు, "ఆ డిస్కు పాడైపోనాది బావా. కరెంటు పోయినప్పుడల్లా నువ్వు స్విచ్చి ఆపకుండా అలాగే వదిలీసీవోడివి కదా" అన్నాను. "అయితే నానే సెడగొట్టుకున్నానన్నమాట" అన్నాడు. నేను కాదనలేదు. ఇంకోసారి వేసుకో బావా అంటే, "వద్దురా, నా సెయ్యి తగిల్తే ఇదీ పోతాది" అని కొత్తదాని మీద అక్క పాత చీర ముక్క కప్పేశాడు. "రైలు తగలెట్టుకున్న డ్రైవరు" అని అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. ఆయనా నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

డబ్బా దొరికిన మర్నాడు దాన్ని పట్టుకుని బొబ్బిలి వెళ్ళాను. డిస్కు పాడవలేదని, చెరిపింది నేనేనని అక్క ఎదుటే బావకి చెప్పేశాను. అక్క గరిటె పక్కన పెట్టేసి వచ్చి ఆయన దగ్గర కూర్చుంది. బావకి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియవు. ఒళ్ళో పెట్టిన డబ్బాని తడిమి తడిమి, బొట్టు గరుకు తగిలిన చోట వేలు ఆపాడు. తిడితే బాగుండేది.

"నా సెయ్యి మంచిదేనని అప్పుడే సెప్పుంటే మళ్ళీ ఏసుకుందును గదరా. అప్పటికింకా రెండేళ్ళు సూపున్నాది" అన్నాడు.

పాత కంప్యూటర్‌ని ఏం చేయాలో తేల్చడానికి మూడు నెలలు తీసుకున్నాను. నిజం చెప్పాలని తేల్చుకోడానికి ఇన్నేళ్ళు తీసుకున్నాను. అందులో మొదటి రెండేళ్ళూ ఆయన చూపులోంచే ఖర్చయిపోయాయి.