ఏమీ తేలకపోతే

సోమవారం: పక్క కాలనీలోని మునిసిపల్ పార్కు గేటు దగ్గర కాపలాదారు నన్ను బయటి మనిషినని ఆపాడు.
బుధవారం: నా పేరు రాసుకుని కూడా లోపలికి వదలలేదు.
శుక్రవారం: కాలనీ కార్యదర్శి అందరి ముందు ‘ఎవరయ్యా నువ్వు?’ అని గద్దించారు.

మునిసిపల్ ఆఫీసులో ఇద్దామని ఈ ఫిర్యాదు పట్టుకుని ఉప్పల్‌లో నాచారం బస్సెక్కాను. పక్క సీటులో ఫ్యాక్టరీ యూనిఫారంలో ఉన్నాయన “ఏం రాసిన్రు సార్?” అన్నాడు. చదివి వినిపించాను. చివరి వాక్యం: ‘నేను విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుణ్ణి, దారినపోయేవాణ్ణి కాను.’

“ఇంగ్లీషు కథలల్ల గూడ గిట్లనే ఆపుతరా సార్?”

“పాత నవలల్లో ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణి అందరూ అనుమానిస్తారు. చివరికి ఏ జమీందారు వారసుడో అని తేలుతుంది. అప్పుడు కుర్చీ వేస్తారు,” అన్నాను. సర్వీసంతా పిల్లలకు దాన్నే న్యాయమని చెప్పాను.

“మరి ఏం తేలకపోతే? నా లెక్క దారినపోయేటోడే అయితే ఏం జేస్తరు?” అని నవ్వి, ఇండస్ట్రియల్ ఏరియా స్టాపులో దిగిపోయాడు.

నా చివరి వాక్యం అతణ్ణి గేటు బయటే నిలబెట్టిందని అప్పుడు అర్థమైంది. దాన్ని కొట్టేసి, కింద నేరుగా ఆ కార్యదర్శికే ఇలా రాశాను:

కార్యదర్శి గారికి. నేనెవరో చెప్పను. ఎవరూ కానివాణ్ణి ఆ గేటు దగ్గర ఆపే హక్కు మీకెక్కడిదో వారంలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.