బూన్ సియాంగ్ ఉచిత టికెట్టు

విమానం టికెట్టు డబ్బిచ్చి కొనేవాళ్ళంతా మూర్ఖులని కో బూన్ సియాంగ్ గట్టి నమ్మకం. సింగపూర్‌లో, తోవా పయో అనే పేటలో, పన్నెండో అంతస్తులో తల్లి గెక్ చూతోనూ భార్య హ్వీ లెంగ్‌తోనూ ఉంటాడు. జీతమిచ్చేది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. అతను మనసు పెట్టి చేసే పని మాత్రం క్రెడిట్ కార్డు మీద ప్రయాణం పాయింట్లు పోగెయ్యడం. కార్డుతో ఖర్చుపెట్టిన కొద్దీ పాయింట్లొస్తాయి, అవి నిండితే విమానం టికెట్టు ఉచితం.

శుక్రవారం ఆఫీసు వాళ్ళంతా పీతల కూరకి వెళితే, బిల్లు బల్ల మీదికి రాకముందే సియాంగ్ కార్డు తీసేవాడు. "నేను కట్టేస్తా, మీ వాటాలు ఫోన్లో పంపండి" అనేవాడు. ఆ ఊళ్ళో అది మామూలే. కాకపోతే కార్డు ఇంకొకరిదైన రోజు నూడుల్స్‌తో సరిపెట్టుకునే ఈ మహానుభావుడు, తనదైన రోజు "ఇంకో పీత చెప్పండి" అని అందర్నీ బతిమాలేవాడు. ఆ రెండో పీతకి వాటా అడగాలంటే మొహమాటం. పోతే పోయింది, పాయింట్లొచ్చాయి కదా అని మురిసిపోతూ ఇంటికొచ్చేవాడు.

నెలాఖరు వేషాలు మరీ ఘోరం. నెలకి వెయ్యి డాలర్ల ఖర్చు దాటితే గానీ అదనపు పాయింట్లు రావు. ఓసారి తొంభై తక్కువైందని మూడో రైస్ కుక్కర్ మోసుకొచ్చాడు.

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. తలా ఒకటి పెట్టుకుని వండుకుందామా?" అంది హ్వీ లెంగ్.

"నీకు అర్థం కాదు. ఇది ఖర్చు కాదు, అమ్మ టికెట్టు."

ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో ఉన్న పెద్దమ్మకి చూపు మందగిస్తోందని అప్పటికే ఫోనొచ్చింది. ఏడాదిలో పూర్తిగా పోతుందన్నారట డాక్టర్లు.

"అక్కకి నా మొహం కనపడేటప్పుడే వెళ్ళాల్రా సియాంగ్," అంది గెక్ చూ. బిస్కెట్ డబ్బాలో దాచుకున్న మూడొందల యాభై డాలర్లు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. చౌక విమానంలో రానూ పోనూ ఆ డబ్బు సరిపోయేది.

సియాంగ్ దాన్ని వెనక్కి తోసేశాడు. "ఆ మోకాళ్ళ నొప్పులతో ఇరుకు సీట్లో ఎలా కూర్చుంటావమ్మా? హాయిగా పడుకునే సీట్లో తీసుకెళతా, ఒక్క డాలర్ ఖర్చు లేకుండా. కాస్త ఓపిక పట్టు."

కొడుకు మాట కదా, ఆవిడ ఓపిక పట్టింది. పాయింట్లు నిండేసరికి ఆ సీట్లు లేవన్నారు. సీట్లు దొరికే వేళకి విమానాల వాళ్ళు టికెట్టుకి ఇన్ని పాయింట్లు చాలవు, ఇంకా కావాలన్నారు. సియాంగ్ మళ్ళీ పీతలు తినిపించాడు, అవసరం లేని టీవీ కొన్నాడు. "ఇంకెంతరా?" అని తల్లి అడిగినప్పుడల్లా "దగ్గరికొచ్చేశాం" అనేవాడు. అలా ఇరవై నెలలు గడిపేశాడు ఆ తెలివైన కొడుకు.

చివరికి పెర్త్‌లో దిగి ఇంటికి వెళ్ళినప్పుడు గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ వీళ్ళవైపు కాకుండా గోడవైపు తిరిగి నవ్వింది. చెల్లెలి మొహమంతా చేతులతో తడుముకుంది.

"ఇంతాలస్యం చేశావేమే చూ? మొన్న చైనా కొత్త సంవత్సరం దాకా కొంచెం కనపడేది."

గెక్ చూ అక్క చేతుల్ని తన చెంపలకి అదుముకుంది. ఏం చెబుతుంది పాపం. సియాంగ్ మాత్రం పక్కన నిలబడి, తాము పడుకుని వచ్చిన సీట్ల ఫొటోలు స్నేహితులకి పంపుతున్నాడు.

తిరుగు విమానంలో ఆవిడ ముందున్న పళ్ళెం ముట్టలేదు.

"తినమ్మా, అంతా ఉచితమే," అన్నాడు సియాంగ్.

"ఉచితమా?" అంది గెక్ చూ. "ఆ రోజు నా డబ్బాలో డబ్బుంది. అక్కకి కళ్ళున్నాయి."

 తల్లి ముందున్న పళ్ళెం సియాంగ్ తన వైపుకి లాక్కుని తినసాగాడు.