కొళాయి దగ్గర ఆరో తరగతి

మొన్న మా వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలి ఖంగుమనగానే నేను నా వయసు మరిచిపోయి గుమ్మం దాటి పరుగెత్తాను. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు బడిగంట విన్నట్టే ఉంటుంది. అందుకు కారణం మా సలోమి టీచరమ్మ. ఆమెను మీరెవరూ చూడలేదు కదా, చెబుతాను.

అరవైల మొదట్లో, గుంతకల్లుకు అవతల ఉన్న మా చిన్న పట్నంలో మునిసిపాలిటీ బడులు మూడు నాలుగుండేవి. ఒకటి పాత సత్రంలో, ఒకటి ధాన్యపు కొట్టులో. గూడ్సు షెడ్డు పక్కనున్న మగపిల్లల బడిలో ఇంజను కూత పెట్టినప్పుడల్లా పాఠం ఆగిపోయేది. మా ఆడపిల్లల బడి రేకుల షెడ్డు. ఎండాకాలం అందులో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. అయినా ఎంత గర్వమో మాకు! పట్నం మొత్తంలో ఆడపిల్లలకు ఆరో తరగతి ఉన్న బడి మాదొక్కటే. అదీ నేను ఐదు దాటిన ఏడే ఇచ్చారు, తాత్కాలికంగా. ఇనస్పెక్టరు వచ్చినప్పుడు పిల్లలు నిండుగా కనిపిస్తే ఉంచుతారు, లేకపోతే ఎత్తేస్తారు. ఎత్తేస్తే నేను వేరుశనగ మిల్లులో కాయలు ఏరడానికి పోవాల్సిందే. ఆ మాట మా నాయన ముందే తేల్చి చెప్పాడు.

చిక్కంతా నీళ్ళతోనే. వానలు లేని ఏడు. వీధి కొళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ళు కూలికి పోతే, వరుసలో బిందె పెట్టి కాపలా కూర్చునేది మేమే. బడి ఖాళీ. ఇంకొకరైతే మా పేర్లు కొట్టేసేవారు. సలోమి టీచరమ్మ ఒకరోజు కొంగు నడుముకు దోపి, చిన్న నల్లబల్ల చంకన పెట్టుకుని కొళాయి దగ్గరికే వచ్చేశారు. "మీరు యాడుంటే ఆడే బడి. తీయండి పలకలు!" అన్నారు. అబ్బ, ఆ రోజు మా సంతోషం ఏమని చెప్పను!

తనిఖీకి ముందురోజు సత్రం బడి పెద్దయ్యవారు వచ్చారు. మా ఊళ్ళో అదొక ఆచారం. ఒక బడికి తనిఖీ అంటే పక్కబడి పిల్లలను తెచ్చి కూర్చోబెట్టేవారు. ఒకే గుంపు సందుల్లో పడి పరుగెత్తి, ఒకే ఇనస్పెక్టరుకు రెండు బళ్ళలోనూ నమస్కారం పెట్టిన సంగతి చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం.

"ఏమమ్మా, మా ఆడపిల్లోళ్ళను పంపిస్తా. బెంచీలు నిండితే సాలు గదా," అన్నారాయన.

"వద్దన్నా. వాళ్ళు మళ్ళా మీ బడికి పోతారు. లెక్కలో వాళ్ళుంటే నా పిల్లోళ్ళు యాడికి పోవాల?" అన్నారు టీచరమ్మ.

మరునాడు ఇనస్పెక్టరు ఖాళీ షెడ్డు చూసి మండిపడ్డారట. టీచరమ్మ ఆయనను నేరుగా కొళాయి దగ్గరికి తీసుకొచ్చారు. ఆ టోపీ, బూట్లు చూడగానే గబుక్కున లేచి నిలబడ్డాను. ఆయన నా వైపే వేలు చూపించి, "మన జిల్లాలో నదులేవో చెప్పు," అన్నారు.

సరిగ్గా అప్పుడే కొళాయి గుర్రుమంది. వరుసలో ముందున్నది నా బిందే! కదిలితే బడి పోతుంది, కదలకపోతే ఇంట్లోకి నీళ్ళుండవు. ఏడుపు ముఖంతో టీచరమ్మ వైపు చూశాను.

"బిందె పెట్టి చెప్పు మే! నోరు ఖాళీగానే ఉండాది గదా!" అని అరిచారామె.

బిందె పెట్టాను. నీళ్ళ హోరుకు పైన నా గొంతు లేచింది. పెన్న! చిత్రావతి! వేదవతి! వెనకున్న పిల్లలంతా అందుకున్నారు. వీధి దద్దరిల్లిపోయింది. ఇంతలో ఒకామె ఇనస్పెక్టరును మోచేత్తో తోసి, "ఏమప్పా, జరుగు పక్కకు! నీళ్ళు పోతాండాయి!" అని గదమాయించింది. ఆయన జరిగారు. జరిగి, నవ్వు ఆపుకోలేక, నిండిన నా బిందెను తానే ఎత్తి నా చంకకు అందించారు. ఆ తరువాత ఆ బురదలోనే నిలబడి మా హాజరు తానే పిలిచారు. పేరు పేరుకూ "ఉన్నాను సార్!" అని అరిచాం. ఆరో తరగతి నిలబడింది. నేను మిల్లుకు పోలేదు.

నేనూ మునిసిపాలిటీ టీచరునే అయ్యాను. హాజరులో ఒక పేరుకు జవాబు రాకపోతే ఆ సాయంత్రం వెతుక్కుంటూ పోయేదాన్ని. ఒకసారి ఒక పిల్ల ఇటుకల బట్టీ దగ్గర దొరికింది, చంకలో తమ్ముడు. "బడి శానా దూరం టీచర్," అంది తల దించుకుని.

నేను ఆ దుమ్ములోనే చతికిలబడి కూర్చున్నాను. "ఇప్పుడు దూరం కాదులే మే. ఇట్లా కూర్చో," అన్నాను.