దిండు మార్చమన్నాను

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, కానీ జాలి పడకండి. నాకు ఇప్పటికీ కోపమే.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. అమెరికా డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేయడం నా ఉద్యోగం. నేను కొట్టింది దిద్దడం సుజాత గారి ఉద్యోగం. ఒకసారి ఎడమ భుజం బదులు కుడి భుజం అని కొట్టాను. "చూశారా, మనవారు వైద్యం కూడా చేస్తున్నారు! అమెరికావాడి నొప్పిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చేశారు" అని గదంతా వినేలా అంది. పద్నాలుగు మంది నవ్వారు. ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను.

రెండు నెలలకు ఆవిడే నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, భుజాల కేసులన్నీ మీకే వస్తాయిగా. జడ వేసుకుంటుంటే చెయ్యి బరువెక్కిపోతోంది. చిటికెన వేలు తిమ్మిరి. ఏమంటారు మీ డాక్టరు గారు?"

నాకు తెలుసు. ఆ వారమే టైపు చేశాను. మెడకూ భుజానికీ మధ్య నరం నొక్కుకుపోతే ఇలాగే ఉంటుందని, చేతులెత్తి మూడు నిమిషాలు పిడికిళ్లు మూసి తెరవమంటే నొప్పి ఉన్న చెయ్యి ముందే వాలిపోతుందని, తొందరగా చూపించి వ్యాయామం మొదలుపెడితే చాలామందికి తగ్గుతుందని, ఆలస్యమైతే అరచేతి కండ కరిగిపోవచ్చని.

"ఏం లేదు మేడమ్. వంకరగ పండుకున్నట్టున్నరు. జర దిండు మార్చుండ్రి."

మార్చింది. ఏడు నెలలు అలాగే పనిచేసింది. బొటనవేలి కింద గుంట పడింది. టీ కప్పు రెండు చేతులతో పట్టుకునేది. రోజూ చూశాను. అప్పుడైనా చెప్పొచ్చుగా? మాట మార్చడానికి సిగ్గుపడ్డానా, ఇంకొన్నాళ్లు పడనీ అనుకున్నానా? రెండోదే.

దవాఖానలో "ఇంత ఆలస్యమా" అన్నారట. ఆపరేషన్‌తో నొప్పి తగ్గింది. కండ తిరిగి రాలేదు. ఉద్యోగం మానేసిన రోజు నన్నే ఓదార్చింది: "మీరు మాత్రం ఏం చేస్తారు, పాపం. తెలియక చెప్పారు."

ఒళ్లు మండింది. తెలియకట! అప్పుడు కూడా నన్ను చేతకానివాడి కిందే జమకట్టింది.

ఆ నవ్వును నేనింకా క్షమించలేదు. ఇక నన్ను క్షమించమని ఎవరిని అడగను? అడగను కూడా. తెలియక కాదు, సుజాత గారూ. అంతా తెలిసే చెప్పాను. ఈ మాట రాసేసరికి గుండెల మీద బరువు కాస్త జరిగింది. అంతే.