రాఘవేందర్ కోటగిరి కాపురం

మా గల్లీలో ఎవరు ఊరు విడిచి వెళ్లినా నలుగురం వెంట నడిచి రైలెక్కించి రావడం ఆనవాయితీ. సికింద్రాబాద్ స్టేషన్ పక్కన రెజిమెంటల్ బజార్‌లో ఉంటూ, రైలు కూత వినకుండా పొద్దు గడవని మేము ఆ మాత్రం చేయకపోతే బాగుండదు. కానీ రాఘవేందర్‌ని సాగనంపడానికి అదొక్కటే చాలదనిపించింది. ముందురోజు సాయంత్రం గల్లీలో కుర్చీలు వేశాం. బగారా అన్నం, మటన్ వండించాం. ఆయనకు శాలువా కప్పి, మొగుడూ పెళ్లాలిద్దరికీ చెరో స్వెటర్ కొనిచ్చాం.

రాఘవేందర్ మోటారు విడిభాగాల దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడి బతుకంతా గడిపిన మనిషి. మనసు మంచిదే, నోటికి మాత్రం మూత లేదు. రిటైరయ్యాక కూర్చోబెట్టి కబుర్లు చెప్పడానికి గిరాకీలు లేక ఫోన్ పట్టుకున్నాడు. దాంట్లో కొండల మీద కాపురాల వీడియోలు తగిలాయి. ఏ కొండ ఊరు మన బతుకు తీరుకు సరిపోతుందో చూసుకుని మరీ వెళ్లాలని వాళ్లు చెబుతారట. ఈయన ఆ పని శ్రద్ధగానే చేశాడు. సిమ్లా చలి మోకాళ్లకు పడదన్నాడు. ముస్సోరీలో జనం తిరునాళ్ల లెక్కన్నాడు. అరకు బాగుంటుంది కానీ దగ్గర కాబట్టి చుట్టాలు దిగుతారన్నాడు. వడపోసి వడపోసి చివరికి నీలగిరుల్లో కోటగిరి తేల్చాడు. చల్లగా ఉంటుంది, ఆస్పత్రి ఉంది, హారన్ మోత లేదు, జనం తక్కువ. ఆ చివరి మాట చెప్పినప్పుడల్లా నోట్లో లడ్డూ ఉన్నట్టు చెప్పేవాడు.

ఆయన భార్య సుమిత్ర ఒక్కటే అడిగింది. "ఆడ మనతోని మాట్లాడేటోళ్లు ఎవరుంటరు?"

"మాట్లాడేటోళ్లను తప్పించుకునేటందుకే గదా పోతున్నం" అన్నాడు.

ఆ సాయంత్రం శాలువా భుజాన ఉండగానే మైకు పట్టుకున్నాడు. "మీరంత మంచోళ్లే. కానీ ఈ పొగల, ఈ లొల్లిల ఎట్ల బతుకుతుండ్రో నాకు సమజైతలేదు. గిది సుత ఒక బతుకేనా? నేనైతే ఇగ ఈ దిక్కు మళ్ల సూడ."

పక్కనే ఉన్న బాబూరావు ముఖం చిన్నబోయింది. భీమవరం నుంచి వచ్చి, స్టీలు సామాన్ల దుకాణం పెట్టుకుని ఇక్కడే స్థిరపడ్డ మనిషి, రాఘవేందర్‌కి ప్రాణస్నేహితుడు. అయినా చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం. వండించిన మటన్ దండగైందని నాకు మాత్రం కోపం వచ్చింది.

బోనాలకు మా గల్లీ నుంచి అమ్మవారి గుడికి నైవేద్యాలతో వెళ్లే ఫలహారం బండిని ఏటా రాఘవేందరే కట్టేవాడు. వేపకొమ్మలు, పూలదండలు, తాళ్లు ఆయన చేయి పడితేనే కుదురుగా ఉండేవి. వెళ్లేముందు ఆ తాళ్ల కట్ట బాబూరావు చేతిలో పెట్టాడు.

కోటగిరిలో ఏం జరిగిందో తర్వాత సుమిత్ర చెబితేనే తెలిసింది. వీడియోల్లో చెప్పినవన్నీ నిజమే. చల్లగానే ఉంది, శుభ్రంగానే ఉంది. చుట్టుపక్కల వాళ్లు మర్యాదస్తులు. కానీ వాళ్లకు తెలుగు రాదు, ఈయనకు తమిళం రాదు. ఎదురుపడితే ఇరువైపులా నవ్వులే. రోజంతా నవ్వి నవ్వి ఈయన దవడలు నొప్పి పుట్టాయి తప్ప ఒక్క కబురు కుదరలేదు. పొద్దున్నే బస్టాండుకు పోయి, అర్థం కాకపోయినా మనుషుల మాటలు వింటూ కూర్చునేవాడు. ఒకరోజు కూరగాయల లారీ డ్రైవరొకడు ఫోన్లో తెలుగులో మాట్లాడుతూ దొరికాడు. ఇక వదల్లేదు. చాయ్ మీద చాయ్ తాగించాడు. "పెద్దాయనా, లోడు దించాలి, దండం పెడతా వదిలెయ్" అని ఆ డ్రైవర్ బతిమాలుకున్నాడట. ఆ సాయంత్రమే రాఘవేందర్ "పోదాం పా" అన్నాడు. ఆమె వెంటనే బట్టలు సర్దింది.

పోదామంటే ఎక్కడికి? ఖాళీ చేసిన ఇంట్లో వేరేవాళ్లు దిగారు. అంతకంటే, ఆ మైకులో అన్న మాటలు దారికి అడ్డం పడ్డాయి. సికింద్రాబాద్‌లో ఎవరైనా చూస్తారని కాచిగూడలో రైలు దిగి, ఊళ్లోనే దూరంగా ఏ.ఎస్. రావు నగర్‌లో ఉన్న మరదలు ఊర్మిళ ఇంటి పైగదిలో చేరాడు. గడప దాటితే ముఖానికి మాస్కు. మా గల్లీకి దగ్గరున్న మోండా మార్కెట్ చింతచిగురు కావాలని సుమిత్ర అంటే కసురుకున్నాడు. బాబూరావు రోజూ ఫోన్ చేసేవాడు. "చలెలా ఉందయ్యా? స్వెటర్ వేసుకుంటున్నావా?" అని అడిగేవాడు. చప్పుడు వినబడకుండా ఈయన ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతుండగా, "ఫుల్లు మంచు భాయ్" అనేవాడు. ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. సిగ్గుతో అన్నం సయించేది కాదు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. సుమిత్ర తెగేసి చెప్పింది. "కాపురానికొచ్చిన కాడి నుంచి ఆ గల్లీలనే బోనం ఎత్తిన. ఈయేడు సుత గంతే. వస్తె రా, లేకుంటె మంచు సూస్కుంట కూసో."

ఆయన తలొంచుకుని వెనకాలే వచ్చాడు.

మేం చూసిన వెంటనే కేక పెట్టాం. "కోటగిరి నుంచి బోనాలకొచ్చిండు!" ఆయన ఒక్క అబద్ధం ఆడలేదు, మా పొరపాటును అలా ఉండనిచ్చాడంతే. కుర్చీ వేశాం. బాబూరావు పరుగున పోయి కొత్త శాలువా తెచ్చి కప్పాడు. పక్కనే ఫలహారం బండి వంకరగా కట్టి ఉంది. చూడలేక రాఘవేందర్ లేచి తాడు పట్టుకోబోతే, బాబూరావు భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"అంత దూరం నుంచి వచ్చావు. అతిథివి. నువ్వు చెయ్యి వేస్తే నేనూరుకోను."

ఆయన కూర్చున్నాడు. తన బండిని తాను ముట్టుకోకూడని మనిషయ్యాడు.

బాబూరావు ఇంట్లో బోనం సిద్ధం చేసుకుని, నెత్తిన ఎత్తుకుని సుమిత్ర బయటికి వచ్చింది. బాబూరావు భార్య సీతారత్నం ఆప్యాయంగా అడిగింది. "మళ్లీ ప్రయాణం ఎప్పుడొదినా? రైల్లోకి పులిహోర చేసిస్తాను."

సుమిత్ర మొగుడివైపు చూసింది. "బోనం నెత్తి మీదుంది వదినా. నన్నడగకు. ఆయన్నే అడుగు."

సరిగ్గా అప్పుడే నాలుగు మాటలు చెప్పమని ఎవరో మైకు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆయన దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. తర్వాత గల్లీ అంతా వినబడింది.

"నేను కోటగిరి నుంచి రాలే. ఏ.ఎస్. రావు నగర్ నుంచి వచ్చిన. ఆటోల."

ఎవరో నవ్వారు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేశారు. డప్పులూ ఆగాయి.

"ఎప్పుడొచ్చావు?" అన్నాడు బాబూరావు.

"నెల దాటింది."

"మరి ఆ మంచు?"

"ఫ్యాన్ బంద్ జేసి చెప్పిన."

బాబూరావు అందరి ముందే అడిగేశాడు. "ఉండలేక వచ్చావు, అందులో తప్పేముందయ్యా? రోజూ ఫోన్ చేసి చలికి జాగ్రత్త, చలికి జాగ్రత్త అన్నానే! నన్నెంత వెర్రివెంగళప్పను చేశావు!"

"మీ బతుకు గిది బతుకేనా అంటి. ఏ ముఖం పెట్టుకొని రావాలె?" అన్నాడు రాఘవేందర్. మైకు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఆపాలని కూడా తోచలేదు. ఆయన ఏడుపూ మాకందరికీ వినబడింది. నా కోపమంతా ఏమైందో తెలియదు, తల దించుకున్నాను.

బాబూరావు వచ్చి ఆయన భుజం మీది శాలువా తీసేశాడు. మడతపెట్టి కుర్చీ మీద పడేశాడు. స్నేహం అయిపోయిందనే అనుకున్నాం.

"తాడు వదులైంది. లేచి కట్టు" అన్నాడు, ఆయన వైపు చూడకుండానే.

రాఘవేందర్ లేచి మోకాళ్ల మీద కూర్చుని ముడులన్నీ విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. డప్పులు అందుకున్నాయి. సుమిత్ర బోనంతో ముందుకు నడిచింది. బండి కదిలేదాకా బాబూరావు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. తాను పట్టుకున్న తాడు రెండో కొస మాత్రం వదల్లేదు.