తెరపై పునువా కేక

మా మూరియా దీవిలో రాళ్లు విసిరి చేపలను ఒడ్డుకు తోలే వేటకు కేక పెట్టేవాడు పునువా. ఆ కేకకు పడవలన్నీ బదులు పలకడం ఆచారం. సినిమావాళ్లు తమ ప్రేమకథ కోసం ఆ వేటను చిత్రించుకొని వెళ్లిన ఏడాదే అతడు సముద్రంలో మునిగిపోయాడు. మాటలు వినిపించే ఆ చిత్రం పపేటె పట్నానికి వచ్చిందని తెలిసి, ఒంటరిగా బతుకుతున్న అతని భార్య తేహియా, ఆ గొంతు మరొక్కసారి వినాలని బయలుదేరింది. మేమూ వెంట వెళ్లాం.

తెరపై పునువా నోరు తెరిచాడు. వినిపించినది ఫిడేళ్ల సంగీతం మాత్రమే.

"ఏమే తేహియా, నీ మొగుడు ఫిడేలు మింగాడటే?" అంది పక్కింటి మారెటా.

హాలంతా నవ్వింది. తేహియా లేచి నిలబడి, ఆ కేక తానే పెట్టింది. మా రేవువాళ్లమంతా నవ్వు మాని బదులు పలికాం.

"ఇది నా గొంతే కదే, మారెటా, ఆయనది కాదుగా," అంటూ ఆమె కూర్చుండిపోయింది.