ప్రేమానందం చెప్పిన గిటారు సాక్ష్యం

ఉదయగిరి బస్టాండు దారిలో మిక్సీలు, ఫ్యాన్లు, మైకుసెట్లు బాగుచేసే ప్రేమానందానికి రాని విద్య లేదు. ఈ మాట ఊరు అన్నది కాదు, ఆయన అన్నదే. ఆత్మకూరులో ఒక రేడియో షాపులో ఆర్నెల్లు స్క్రూలు విప్పి, ఏడో నెల ఉదయగిరిలో సొంత బోర్డు కట్టేశాడు. వస్తువు తెచ్చిన మనిషి ఎదురుగా ఉంటే దాన్ని విప్పడు. లోపల ఏముందో విప్పేదాకా తనకూ తెలియదని వాళ్ళకు తెలిసిపోతుందని భయం.

చర్చి ఎలక్ట్రిక్ గిటారు వాల్యూమ్ కంట్రోలు గరగరలాడి పాడైతే ఆయన దగ్గరికే వచ్చింది. కొత్త కంట్రోలు వేశాడు. ఊరుకుంటే పోయేది. ఆదివారం ఆరాధనలో, పాటలు ఇంకా మొదలుకాకముందే, సాక్ష్యం చెబుతానని లేచాడు.

"కంట్రోలుకు మూడు కాళ్ళు ఉండాయి. ఏ వైరు ఏ కాలికో నాకు తెలీలా. మోకరించినాను. ప్రభువే నా చెయ్యి పట్టుకోని వైరు వైరూ చూపించినాడు!"

సంఘమంతా "స్తోత్రం" అంది. ఆయన ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

గిటారు వాయించేది సుకుమారి, ప్రైమరీ స్కూలు టీచరు. పాట ఎత్తుకోగానే వాల్యూమ్ పూర్తిగా పెంచింది. గిటారు మూగబోయింది. ప్రార్థన మొదలవుతోంది, మెల్లగా వాయించమని పాస్టరు గారు సైగ చేస్తే తగ్గించింది. గిటారు గర్జించింది. ఒళ్ళో పసిపిల్లలు ఏడుపు అందుకున్నారు.

ఆరాధన అయ్యాక ఆమె ఆయన్ని పక్కకు పిలిచింది. "అన్నా, పెంచితే తగ్గతా ఉండాది, తగ్గిస్తే పెరగతా ఉండాది. ఆ చివర ఈ చివర వైర్లు తారుమారైనాయేమో చూడు."

ఆమె చెప్పింది నిజమేనని, రెండు నిమిషాల పనేనని ప్రేమానందానికి తెలుసు. కానీ తప్పు ఒప్పుకుంటే ఆ తప్పులో దేవుడికీ వాటా పడుతుంది మరి!

"ఫారిన్ మోడలు అట్నే ఉంటాదమ్మా. మనమే అలవాటు చేసుకోవాల."

"నెల్లూరులో కొన్నది అన్నా ఇది. అయితే ఏ వైరు ఏ కాలికో దేవుడికి తెలీలేదంటావా?"

ఆయన చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడిచాడు. అక్కడే ఆగితే బాగుండేది. కానీ సంఘంలో గుసగుసలు పుట్టాయి: దేవుడు చూపించి చేయించిన గిటారు, అందులో తప్పేముంటుంది, ఆ పిల్లకే విశ్వాసం తక్కువ. వచ్చే ఆదివారం నుంచి వేరేవాళ్ళు వాయిస్తే మేలని పెద్దలు నిర్ణయించారు. సుకుమారి ఎవరితోనూ వాదించలేదు, గిటారును సంచీలో పెట్టి చర్చిలోనే వదిలేసి వెళ్ళింది. ప్రేమానందానికి వారమంతా అన్నం సయించలేదు. గొప్పలు చెప్పడం ఆయనకు అలవాటే గాని, ఆ గొప్పకు ఇంకొకరు దెబ్బ తినడం ఇదే మొదలు.

మరుసటి ఆదివారం మళ్ళీ సాక్ష్యానికి లేచాడు.

"ప్రభువు నా చెయ్యి పట్టుకోలా. సెల్లులో వీడియో చూసినాను, అదీ సగమే. తప్పు నాది. సుకుమారిది కాదు."

అంతమంది ముందే గిటారు విప్పి, రెండు వైర్లు మార్చి సోల్డరు పెట్టి, వెనక వరసలో కూర్చున్న సుకుమారి చేతికిచ్చాడు. పెంచితే పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు.

తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందంటారు. సోమవారం షాపు తీసేసరికి ప్రేమానందం మనసు తేలిగ్గానే ఉంది. షట్టరు సగం లేపి చూస్తే, అవతల పదిమంది నిలబడి ఉన్నారు, చేతుల్లో మిక్సీలతో, ఇస్త్రీపెట్టెలతో. అందరికంటే ముందు రాహేలమ్మ. ఆమె టేబుల్ ఫ్యానును ఆయన రెండేళ్ళ కింద బాగుచేశాడు. అప్పటినుంచి అది నిదానంగా తిరుగుతుంటే, దానికి వయసైపోయిందని చెప్పి పంపేశాడు.

ఆమె ఫ్యానును కౌంటరు మీద పెట్టింది.

"ఇప్పుడు చెప్పు నాయనా. దీనికి వయసైనాదా, నీ చెయ్యి పడినాదా?"